కొత్తవాడ మగ్గం దగ్గర నేర్చుకున్న హంస

ఇప్పుడు మా చిన్న స్టూడియోలో వెబ్‌సైట్లు తయారుచేస్తాం. కొత్తగా చేరినవాళ్లు ఏ ఆన్‌లైన్ టూల్ మంచిది, డిజైన్‌కి ఐడియాలు ఏ సైట్లో దొరుకుతాయి అని నన్ను అడుగుతుంటారు. నేను వరంగల్ రైలెక్కమంటాను. ముసలాయనకి చాదస్తం అనుకుంటారు కాబోలు, అనుకోనీ. వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఎనభైల మొదట్లో నేను చేసిన ఒక్కరోజు ప్రయాణం ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మా అక్క సుభద్రా నేనూ చిక్కడపల్లిలో ఒక్క గదిలో స్టూడియో నడిపేవాళ్లం. పెళ్లికార్డులు, అగరుబత్తి లేబుళ్లు గీసేవాళ్లం. అక్క బడిలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం మానేసి మరీ వచ్చింది. కొత్తగా తెరవబోతున్న ఒక హోటల్ వాళ్లు గుమ్మానికి అటూ ఇటూ పరవడానికి రెండు జంపఖానాలు కావాలన్నారు. వాటి మీద హంసలు ఎదురెదురుగా చూసుకోవాలి. మంగళవారం పదింటికల్లా నేతవాళ్లు ఒప్పుకున్న డిజైన్ తెస్తే సరి, లేదంటే బొంబాయి వాళ్లకి ఇస్తానన్నాడు మేనేజరు. ఇది పోతే జూన్‌లో మళ్లీ బడికి వెళ్లిపోతానని అక్క ముందే చెప్పేసింది. ఆమె అన్నదంటే చేసే మనిషి.

సోమవారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కాను. కాజీపేటలో బండి ఆగిందంటే ఒక టీ తాగి, ఇంకొకటి తాగేంత తీరిక దొరుకుతుంది. పదిన్నరకి వరంగల్‌లో దిగితే రిక్షా ఆయన ఖిల్లాకి మూడు రూపాయలు అడిగి రెండున్నరకి దిగాడు.

"ఫోటోలు దిగుతందుకా సారూ?" అన్నాడు తొక్కుతూనే.

"కాదు, తోరణం మీద హంసలు గీసుకోవాలి."

"రాతి పిట్టలను గీస్తందుకు పట్నం నుంచి ఒచ్చినవా? ఇంట్ల పనేం లేనట్టుంది."

తోరణం కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుట్టింది గానీ చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. అంత బరువు రాయి మీద అంత తేలిగ్గా ఎలా కూర్చోబెట్టారో ఆ పక్షుల్ని. ఒక హంసను చార్టు మీద గీశాను, మెడ సన్నగా, గుండ్రంగా, ముద్దుగా వచ్చింది. నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. చౌరస్తా దగ్గర చిన్న మెస్సులో మూడు రూపాయలకి అన్నం, పప్పు, పచ్చిపులుసు పెట్టారు. నేతవాళ్ల పేటకి దారి అడిగితే, వండినామె రెండోసారి పులుసు పోస్తూ, "కొత్తవాడకా? షత్రంజీలు నేసే కొమురయ్య ఇల్లు అడుగు, ఎవలైన సూపిస్తరు," అంది. జంపఖానాలనే అక్కడ షత్రంజీలంటారు.

పన్నెండున్నరకి కొమురయ్య ఇంటికి చేరాను. ముందుగదంతా మగ్గమే. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని, రంగు నూలు అడ్డంగా పేర్చి, ఇనుప దువ్వెనలాంటి పంజాతో దబదబా కొడుతున్నారు. నా చార్టు విప్పాను. కొమురయ్య చూసి చిన్నగా నవ్వాడు.

"బొమ్మ మంచిగుంది సారూ. గని నేసుడు కాదు. మగ్గం మీద గుండ్రం ఉండది, మెట్టు మెట్టుగ ఎక్కాలె."

గడియారం చూసుకున్నాను. తిరుగు బండి అయిదింటికి. ఆయన భార్య మగ్గం దిగి, చేతులు తుడుచుకుని, గూట్లోంచి గళ్ల కాగితం తెచ్చి నా ముందు పరిచింది. ఒక్కో గడి ఎన్ని పోగులో వేలితో చూపించింది. గడి నిండా రంగు వేయాలి, సగం గడి అనేది లేదు. వేశాను. మెడ కాస్తా మెట్లబావిలా తయారైంది. ఏడుపొచ్చింది నాకు.

"అట్ల మొకం మీద పెట్టుకోని సూస్తరా బిడ్డా? వాకిట్లకు పోయి సూడు," అంది.

వాకిట్లోంచి చూస్తే మెట్లు కలిసిపోయి మెడ నిండుగా వంగింది. ఎంతసేపు అటూ ఇటూ తిరిగి చూశానో. ఏళ్ల తర్వాత కంప్యూటర్ తెర మీద మొదటి బొమ్మ గీసినప్పుడు, అక్కడా బొమ్మంతా గళ్లలాంటి చుక్కలేనన్న సంగతి నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఒక హంస పూర్తయ్యేసరికి మూడున్నర. రెండోది అటు తిప్పి గీయాలంటే ఇంకో రెండు గంటలు పడుతుంది, బండి పోతుంది. అయినా ఇంకో కాగితం తీశాను. ఆమె నా పెన్సిల్ పట్టుకుని ఆపింది. మూలనున్న పాత జంపఖానా పరిచింది. దాని మీద చిలుక కుడివైపు చూస్తోంది. జంపఖానాను బోర్లా తిరగేసింది. చిలుక ఎడమవైపు చూస్తోంది. అటూ ఇటూ ఒకే నేత.

"ఒక్కటే గీయి. రెండు నేస్తే, ఒకటి తిర్గేసి పరిస్తే అయిపాయె," అని మళ్లీ మగ్గమెక్కింది.

కొమురయ్య కాగితం కింద సంతకం చేశాడు. బండి అందింది.

మర్నాడు మేనేజరు ముందు అక్కా నేనూ కూర్చున్నాం. ఆయన కాగితం తిప్పితిప్పి చూశాడు. "తిరగేసి పరిచే ఉపాయం బాగుంది. ఎవరిది, ఈ కొమురయ్యదా?"

"కాదండీ."

"మరెవరిది?"

నోరు తెరిచాను. మూడు గంటలు ఆమె పక్కన కూర్చున్నాను, ఆమె పోసిన నీళ్లు తాగాను, అమ్మా అమ్మా అన్నాను. పేరు అడగలేదు. కనీసం ఆయన భార్యది అనొచ్చు. అక్క ఆశగా నా వైపు చూస్తోంది.

"మాదేనండీ," అన్నాను.

ఆర్డర్ మాకే వచ్చింది. అక్క బడికి వెళ్లలేదు, స్టూడియో నిలబడింది. ఆ రోజు తిరిగి వస్తూ బస్సులో అక్కకి నిజం చెప్పాను. "ఆ మాట మేనేజరు ముందే చెప్పాల్సిందిరా," అంది. నెల తర్వాత జంపఖానాలు తేవడానికి వెళ్లినప్పుడు కొమురయ్య భార్యని పేరేమిటని అడిగాను. "రాజవ్వ. ఎందుకు బిడ్డా?" అంది. "ఊరికే," అన్నాను. ఇన్నేళ్లలో ఎన్నో డిజైన్ల కింద నా పేరు వేసుకున్నాను, సిగ్గేసింది మాత్రం ఆ ఒక్కదానికే.

వెళ్లేవారికి ఒక సలహా: కొత్తవాడకి మధ్యాహ్నం భోంచేసి వెళ్లండి, గళ్ల కాగితం వెంట తీసుకెళ్లండి. మగ్గం ముందు కూర్చోగానే ఇద్దరి పేర్లూ అడిగి కాగితం మూలన రాసుకోండి, ఆ తర్వాతే బొమ్మ మొదలుపెట్టండి.