జేబులో రేడియో

నా చిన్నప్పుడు ఉప్పల్‌లో మా గల్లీ పిల్లలకు క్రికెట్ స్కోరు చెప్పేవాడిని నేనే. నా చొక్కా జేబులో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా, దానినుంచి చెవిలోకి ఒక వైరు ఉండేవి. అది రేడియో అని చెప్పాను, వాళ్లు నమ్మారు. నిజానికి అది వినికిడి యంత్రం. అది లేకపోతే వెనకనుంచి అమ్మ పిలిచినా నాకు తెలిసేది కాదు. అడిగినవాళ్లకు నోటికొచ్చిన స్కోరు చెప్పేవాడిని. యంత్రం ఎప్పుడైనా కుయ్యిమంటే స్టేషన్ జరిగిందనేవాడిని.

ఎదురింటి మామ నాచారంలో రేకులు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి ఆ మోతకు ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. ఆ సంగతి ఆయన దాచేవాడు కాదు. మాట్లాడేవాళ్లను భుజం పట్టుకుని కుడివైపుకు తిప్పుకుని, "గిటు దిక్కు రా బిడ్డా, గా చెవి డ్యూటీ దిగింది" అనేవాడు. మేం ఆయన ఎడమవైపున చేరి "చెవిటి మామా" అని నవ్వుకునేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. నవ్వకపోతే నన్ను పట్టేస్తారని భయం.

ఒక ఆదివారం నేను స్కోరు చెబుతుంటే మామ వచ్చి, "ఏదిరా, జర నాగ్గూడ పెట్టు" అని చెయ్యి చాపాడు. ఇవ్వకపోతే పిల్లలకు అనుమానం వస్తుంది. తీసి ఇచ్చాను. ఆయన కుడి చెవిలో పెట్టుకున్నాడు. వాకిట్లో అత్త గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడువైపు తల తిప్పి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"స్కోరెంత మామా?" అని పిల్లలు ఎగబడ్డారు.

మామ నా మొహం చూశాడు. "మస్తు కొడుతున్నరు" అంటూ ఆ డబ్బాను తనే నా జేబులో సర్దాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి, అది ఏ దవాఖానాలో ఇస్తారో నాన్నను మెల్లగా అడిగి తెలుసుకున్నాడు.

కొన్నాళ్లకు ఆయనకూ ఒకటి వచ్చింది. దాన్ని చొక్కా పైన, ఛాతీ మీద అందరికీ కనబడేలా వేలాడదీసుకుని నేరుగా మేం ఆడుకునే చోటికి వచ్చాడు. "సూడున్రి, నాకు వినవడే మిషినిచ్చిన్రు."

"గిది మావోని రేడియో లెక్కనే ఉంది గదా మామా!" అన్నాడొకడు.

"వానిది రేడియో. నాది మిషిన్" అన్నాడు మామ తడుముకోకుండా. అని నావైపు చూశాడు. అందులో నిందేమీ లేదు. పక్కన నిలబడమని కాస్త జరిగి చోటిచ్చినట్టు ఉంది.

ఈ కథ మా పిల్లలకూ, ఆఫీసులో వాళ్లకూ చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, నేను ముందుకొచ్చి "నాది కూడా మిషినే" అన్నానని ముగించాను. అది అబద్ధం. నేను నోరు విప్పలేదు. మామ కాసేపు చూసి, వెనుదిరిగాడు. పాత అలవాటుకొద్దీ ఎవడో ఎడమవైపు నుంచి, "చెవిటి మామకు వైరింగ్ జేసిన్రురో!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎప్పటిలాగే నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

మామ ఆగాడు. ఆయనకు ఇప్పుడు వినపడుతుందని నాకప్పుడు గుర్తొచ్చింది. ఆయన చెయ్యి ఛాతీ మీది డబ్బా దాకా వెళ్లింది. ఆపేస్తాడేమో అనుకున్నాను. ఆపలేదు. అలాగే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వాళ్లు పీర్జాదిగూడకు మారిపోయేదాకా ఆయన నా గుట్టు ఎవరికీ చెప్పలేదు. కనబడితే, పిల్లల ముందు, "స్కోరెంతరా?" అని అడిగేవాడు. నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు కొత్తవాళ్లు ఎవరు కలిసినా భుజం పట్టుకుని నాకు వినపడే వైపుకు తిప్పుకుంటాను. "ఇటు రండి, ఆ చెవి డ్యూటీ దిగింది" అంటాను. ఆ మాట అనడానికి నాకు సగం జీవితం పట్టింది. విన్నవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు నాకు బాగానే వినపడుతుంది. దాని వెనకే, ఆ రోజు మామ విన్న నా నవ్వు కూడా.