ఇంట్లో ఏమని పిలుస్తారు?

నిన్న మధ్యాహ్నం మా ఆసుపత్రి మందుల కౌంటరులో కంప్యూటరు మొరాయించింది. మూత విప్పి, మెమొరీ ముక్క బయటికి తీసి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతల్ని పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దాను. రబ్బరు వేడెక్కి తియ్యటి వాసన వచ్చింది. ఆ వాసనకి ఎవరికైనా బడి గుర్తొస్తుంది. నాకు మాత్రం తవిటినాయుడు గారు గుర్తొస్తారు. చొక్కా జేబులో రెండు పెన్నుల పక్కన సగం అరిగిన రబ్బరు పెట్టుకుని తిరిగే పెద్దమనిషి ఆయన. పలాసలో కిడ్నీ రోగులకు రక్తశుద్ధి చేసే ఈ ఆసుపత్రిలో సీనియర్ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్. అంత పొడుగు హోదాకి ఎవరికీ నోరు తిరగక అందరూ కంప్యూటర్ నాయుడు గారు అనేవారు. ఆయన కింద నేను ఐదేళ్లు పనిచేశాను. నాకు పని నేర్పింది కాలేజీ అని నా సర్టిఫికెట్టు అంటుంది గానీ, అది నిజం కాదు.

నందిగాం నుంచి బస్సెక్కి ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ఇలాగే ఒక కంప్యూటరు ఆగిపోయింది. ఇంజనీరింగ్ చదివిన గీర మీద ఉన్నాను కదా, మదర్‌బోర్డు పోయింది, కొత్తది తెప్పించాలని తీర్పు చెప్పేశాను. ఆయన కాదనలేదు. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఊచ మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకోమన్నారు. ఉప్పగా ఉంది. "ఏటీ పోనేదమ్మా, సముద్రం గాలి ఇది. మనుసుల్నే తినేత్తాది, మిషన్ని ఒగ్గుతాదా?" అని జేబులోంచి రబ్బరు తీశారు. రెండు నిమిషాల్లో కంప్యూటరు లేచి కూర్చుంది. ఆ రోజు సాయంత్రం బస్సులో కూర్చున్నంతసేపూ, అంత ఖరీదైన చదువు ఒక పెన్సిలు రబ్బరు దగ్గర ఓడిపోయిందని మహా ఉక్రోషపడ్డాను.

ఆయనది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. ఆయనకి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే, పుట్టగానే ఈయన్ని పొరుగింటావిడకి చేటెడు తవుడికి ఇచ్చేసి, మళ్లీ అడిగి తెచ్చుకున్నారట. అందుకని ఆ పేరు. విశాఖపట్నంలో ఒక పెద్ద ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో ఇరవై ఏళ్లు చేసినప్పుడు అక్కడివాళ్లు పేరు మోటుగా ఉందని పొడి అక్షరాలతో పిలిచేవారట. ఇక్కడికి వచ్చాక తలుపు మీద బోర్డుకి పూర్తి పేరు తానే అడిగి మరీ రాయించుకున్నారు.

ఆయన పద్ధతులు నాకు మొదట్లో చాదస్తంగా కనబడేవి. అన్నిటికన్నా గురువారం పని. భోజనాలయ్యాక ముందురోజు దాచిన డేటా కాపీని ఒక పాత కంప్యూటర్లో పోసేవారు. తరవాత డయాలసిస్ వార్డు హెడ్ నర్సు కుమారి సిస్టర్‌ని పిలిచి, మీకు నచ్చిన రోగి పేరు ఒకటి చెప్పమనేవారు. ఆవిడ చెప్పిన రోగి వివరాలు పాత కంప్యూటర్లోంచి తీసి, వార్డులో కాగితాలతో సరిచూసి, అంతా కలిస్తే పుస్తకంలో టిక్కు పెట్టేవారు. ప్రతి గురువారం, గంటన్నర. కాపీ సక్రమంగా అయినట్టు స్క్రీన్ మీద పచ్చగుర్తు వస్తోంది కదా, మళ్లీ ఇదంతా ఎందుకని ఒకసారి అడిగేశాను. "కాపీ అయ్యిందని అది సెప్తంది. తిరిగొత్తాదని ఎవలు సెప్తారు?" అన్నారు. నాకు అది జవాబులా అనిపించలేదు. కుమారి సిస్టర్ కూడా, మీ సారు గారి గురువారం నోము అయ్యిందా అని నన్ను ఆటపట్టించేది.

నేను చేరిన రెండో ఏడు, ఒకే రోగి పేరు సిస్టంలో రెండు మూడు సార్లు కనబడుతోందని డాక్టర్లు విసుక్కోవడం మొదలైంది. కొత్త రోగులు వచ్చినప్పుడు కౌంటరులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవారు. రెండుసార్లు నమోదైన వాళ్ల జాబితా తీసి ఉంచమనీ, కలిపేముందు సిస్టర్‌తో కలిసి ఒక్కొక్కటీ చూద్దామనీ నాయుడు గారు చెప్పారు. మర్నాడు ఆయన టెక్కలిలో చుట్టాల పెళ్లికి వెళ్లాలి. అత్యవసరమైతే వాడమని సర్వర్ పాస్‌వర్డు నాకు ఇచ్చి వెళ్లారు.

అత్యవసరం ఏమీ రాలేదు. నాకే ఆగలేదు. ఆయన తిరిగొచ్చేసరికి పని పూర్తయిపోయి ఉంటే ఎంత బాగుంటుందో అనుకున్నాను. ఇంటిపేరు, పేరు, ఊరు, వయసు, ఫోన్ నంబరు, ఐదూ ఒకటే అయితే ఆ ఇద్దరూ ఒక్కరేనని నియమం రాశాను. ఐదు కలిశాక ఇంకా అనుమానం ఏముంటుంది? ఉదయం తొమ్మిదింటికి మీట నొక్కాను. నలభై పేర్లు కలిసిపోయాయి. లేచి వెళ్లి టీ తాగి వచ్చాను కూడా.

పది దాటాక కుమారి సిస్టర్ గుమ్మంలో నిలబడి, కంప్యూటరు ఏమైనా చేశావా అని అడిగింది. లోకనాథం అనే కొబ్బరి రైతుని అప్పుడే మంచం మీద పడుకోబెట్టారు. డయాలసిస్‌లో రోగి ఒంట్లో చేరిన నీటిని మిషను తీసేస్తుంది. ఎంత తీయాలన్నది, ఆ మనిషికి ఉండవలసిన బరువుని బట్టి లెక్క. లోకనాథానికి ఎప్పుడూ రెండు కిలోలు తీసేవారు. ఆ రోజు స్క్రీన్ ఐదు తీయమంటోంది. ఒంట్లో లేని నీరు అంత తీస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి దక్కకపోవచ్చు. ఆరేళ్లుగా అతన్ని చూస్తున్న సిస్టర్ కాబట్టి చెయ్యి ఆగింది. కొత్త నర్సు అయి ఉంటే స్క్రీన్ చెప్పినట్టే చేసేది.

స్క్రీన్ మీద చూస్తే లోకనాథం ఒక్కడే ఉన్నాడు. కానీ పొద్దున నేను మీట నొక్కేదాకా ఇద్దరు ఉండేవారు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు, ఒకే ఏడు పుట్టారు, ఇద్దరికీ తాత పేరే పెట్టారు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను. సన్నగా ఉండే రెండోవాడి బరువు వచ్చి మొదటివాడి మీద కూర్చుంది. నిజం చెప్తున్నాను, నాకు మొదట వచ్చిన ఆలోచన ఈ ఒక్క బరువూ సరిచేసి ఊరుకుందామని. మిగతా ముప్పై తొమ్మిది పేర్లూ సాయంత్రం నెమ్మదిగా చూసుకోవచ్చు, ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఆ ఆలోచన నా బుర్రలో ఎంతసేపు ఉందో నాకు తెలుసు, తక్కువసేపేం కాదు. తరవాత టెక్కలికి ఫోన్ చేశాను.

వెనక బాజాలు మోగుతున్నాయి. నేను ఏడుస్తూ నా నియమం గురించి చెప్పబోతే ఆయన ఆపేశారు. "అదంతా తరవాత. ఇప్పుడు మంచాల మీద ఎంతమందున్నారు?" అన్నారు. తొమ్మిది మంది అన్నాను. "ఆల దగ్గరికెల్లు. డాక్టరు గారికి సెప్పు, సిస్టంలో ఉన్నదేదీ నమ్మొద్దని సెప్పు. కాయితాలు తియ్యమను. నాను వత్తన్నాను." అంతే, పెట్టేశారు. ఎందుకు చేశావని ఒక్క మాట లేదు.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే. గంట తిరక్కుండా నాయుడు గారు పట్టుపంచెతో, నుదుటి మీద అక్షింతల పసుపుతో దిగారు. కుర్చీలో కూర్చుని ముందురోజు సాయంత్రం కాపీ తీసి తిరిగి పోశారు. చేతుల్లో తొందర లేదు. ఆ పని ఆయన ప్రతి గురువారం చేసిందే. ఇరవై నిమిషాల్లో నలభై పేర్లూ మళ్లీ విడివిడిగా నిలబడ్డాయి. పొద్దుటి నుంచి రాసినవి మాత్రం కాగితాలు చూసి నేనూ సిస్టరూ చేత్తో ఎక్కించాం. ఆ రోజు తరవాత సిస్టర్ నోము అనడం మానేసింది.

ఊపిరి పీల్చుకున్నాక ఆయన నన్ను అడిగారు. "మీ మామ్మ పేరు మీ ఇంట్లో ఎంతమందికుంది?" మా మామ్మ గౌరమ్మ. నాకూ, మా పెదనాన్న కూతురికీ, మా చిన్నాన్న కూతురికీ ఆ పేరే. ముగ్గురికి అన్నాను. "మరి మీయమ్మ ముగ్గుర్నీ ఒకలాగే పిలుస్తాదా?" అన్నారు. లేదన్నాను. ఇంట్లో నన్ను చిట్టి అంటారు, వాళ్లిద్దరూ గౌరి, బంగారి. బయటి ఊరివాళ్లు ఈ తప్పు చేసినా అర్థం ఉంది. నా సొంత ఇంట్లో ఉన్న సంగతి కంప్యూటరు ముందు కూర్చోగానే మరిచిపోయాను. ఆయన నవ్వి, "ఆ మాటే అడుగుదాం అందర్నీ" అన్నారు. ఆ వారం సిస్టంలో ఒక కొత్త గడి చేర్చాం. రోగులందరి దగ్గరికీ వెళ్లి, మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగాను. పెద్దబాబు, ఎర్రోడు, బుజ్జమ్మ, కలకత్తా వెళ్లొచ్చిన పాపానికి కలకత్తోడు. అరవై ఏళ్ల మనుషులు ఆ పేర్లు చెబుతూ సిగ్గుపడేవారు. ఆ వార్డులో అంత నవ్వు నేను మళ్లీ చూడలేదు. మన లోకనాథం నల్లబాబు, అతని తమ్ముడు బుల్లోడు.

యాజమాన్యం ఎవరు చేశారని అడిగింది. నాయుడు గారు నన్ను వెనకేసుకు వస్తారని ఆశపడ్డాను. ఆయన పుస్తకం తెరిచి రాసింది చదివారు. నొక్కింది గౌరమ్మ. పాస్‌వర్డు ఇచ్చింది తవిటినాయుడు, ఎందుకు ఆగాలో చెప్పకుండా ఇచ్చాడు. రెండు పేర్లూ ఒకే వరసలో, ఒకే సిరాతో ఉన్నాయి. ఇద్దరికీ తాఖీదు వచ్చింది, నా ఉద్యోగం నిలిచింది. నన్ను కాపాడి ఉంటే నేను ఆయనకి జీవితాంతం మొహం చూపించలేకపోయేదాన్ని. ఇది అర్థం కావడానికి నాకు కొన్నాళ్లు పట్టింది, అందాకా లోపల కోపంగానే ఉండేది.

ఇంకొక్క పని మిగిలింది, అది నువ్వే చేయాలన్నారు నాయుడు గారు. నల్లబాబుకి చెప్పడం. ఏమీ జరగలేదు కదా సార్, ఇప్పుడు చెప్పి భయపెట్టడం ఎందుకు అన్నాను. "ఆడి ఒల్లు అది. ఆడికి తెలాల" అన్నారు. వార్డు గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయారు. నేను మంచం దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఏం జరిగిందో, ఏం జరిగి ఉండేదో, చేసింది నేనేనని చెప్పాను. నల్లబాబు చేతికి గుచ్చిన గొట్టాల వంక, మిషను వంక, నా వంక చూశాడు.

"ఇప్పుడు సరిగ్గుందా?" అన్నాడు.

ఉందన్నాను.

"మా బుల్లోడికి సెప్పేవా?"

రేపు వస్తాడు కదా, చెప్తానన్నాను.

"నెమ్మదిగా సెప్పు. ఆడికి బయమెక్కువ."

నాయుడు గారు పదవీ విరమణ చేసి మూడేళ్లయింది. తుపానుకి పడిపోయిన కొబ్బరి స్థానంలో కొత్త మొక్కలు వేసుకుని, సముద్రం గాలి పీలుస్తూ హాయిగా ఉన్నారు. నెలకోసారి ఫోన్ చేసి అందరూ బాగున్నారా అంటారు. సర్వర్ల సంగతి అడగరు. ఇప్పుడు తలుపు మీద బోర్డు నాది. గురువారం గంటన్నర ఎవరు పిలిచినా నేను దొరకను.

పోయిన నెల ఒక డిస్కు పాడైంది. డేటాకి ప్రమాదం లేదు, కానీ రెండు గంటలు స్క్రీన్లు రావు. స్టోర్ రూముకి డిస్కు కోసం వెళ్లకుండా ముందు వార్డుకి వెళ్లాను. సిస్టర్‌తో చెప్పి కాగితాలు తీయించి, మంచం మంచం దగ్గరా ఆగి చెప్పుకుంటూ వస్తున్నాను. నల్లబాబు నన్ను దూరం నుంచే చూశాడు.

"ఏటమ్మా, మల్లీ ఏటి సేసేవు?" అన్నాడు. పక్క మంచం మీది రోగి నవ్వాపుకోలేకపోయాడు.

"ఈసారి నేను కాదు బాబూ, డిస్కు" అన్నాను.

"ఎవలైతే ఏటి, సెప్పడానికొచ్చేవు కదా" అని దుప్పటి గుండెల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని నిద్రకి పడ్డాడు.