వర్జ్యం రాకముందే ఎక్కించిన లినక్స్

భీమవరంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతుండగా నాకో పిచ్చి పట్టుకుంది. కంప్యూటర్ని నడిపించే లినక్స్‌ని సోర్స్ కోడ్ నుంచి నా చేతులతో నేనే కట్టుకోవాలని. పెరుగు తోడు పెట్టాలంటే ముందు కాస్త పెరుగు ఉండాలి కదా, లినక్స్ కట్టాలన్నా అంతే. ముందు కంప్యూటర్లో ఏదో ఒక లినక్స్ నడుస్తూ ఉండాలి. దాన్ని హోస్ట్ అంటారు. ఆ హోస్ట్ ఏదన్న దగ్గరే నా బుర్ర తిరిగిపోయింది.

పత్రికలతో పాటు వచ్చిన సీడీలు మూడున్నాయి. ఒకదాంట్లో కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ మరీ పాతది, ఇంకోదాంట్లో మరీ కొత్తది, మూడోది నత్తనడక. పొద్దున ఒకటి ఎక్కించడం, మధ్యాహ్నానికి నచ్చక పీకేయడం. పది రోజులు ఇదే తంతు. కుదురుగా కూర్చుని ఒక్క ప్యాకేజీ కంపైల్ చేసిన పాపాన పోలేదు. అన్నం కూడా నిలబడే తినేవాణ్ణి.

కంప్యూటర్ నిజానికి అక్కది. ఇంట్లోనే పెళ్ళి శుభలేఖలు టైపు చేసి ఇచ్చేది. డిస్కులో సగం నాకిచ్చి, "నా సగం జోలికి మాత్రం రాకు" అంది. పదో రోజున పదకొండింటికి ఒక పెళ్ళికూతురి నాన్నగారు శుభలేఖ చూసుకోవడానికి వస్తానన్నారు.

ఆ పొద్దున్నే నేను కొత్త కంపైలర్ సీడీనే ఖాయం చేసుకున్నాను. ఇదే ఆఖరు, ఇక మార్చనని నాన్నకి చెప్పాను. ఆయన క్యాలెండర్ చూసి, "తొమ్మిదిన్నరకి వర్జ్యం వచ్చేస్తుందిరా. మొదలెట్టేదేదో ఈలోపే మొదలెట్టు" అన్నారు. వర్జ్యాల మీద నాకు నమ్మకం లేదు, అలాగని వర్జ్యంలో మొదలెట్టే ధైర్యమూ లేదు. రెండు నిమిషాలే ఉన్నాయి. ఇన్‌స్టాలర్ అడిగినవేవీ చదవకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. డిస్కంతా చెరిపేయమంటావా అని కూడా అడిగిందట. దానికీ ఎంటరే కొట్టేసరికి అక్క సగం, అందులోని శుభలేఖతో సహా, తుడిచిపెట్టుకుపోయింది.

అక్క పదిన్నరకి బజారు నుంచి వచ్చింది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేటరంతా నాకు నోటికొచ్చు. అరగంటలో అయిపోద్ది. ఇందులో తెలుగు టైపు చేసేది ఎక్కడుందో చూపించు."

పది రోజులు కంపైలర్ల వెర్షన్లు పోల్చినవాణ్ణి, ఆ సంగతి ఒక్కసారీ చూడలేదు. మెనూలన్నీ తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. లేదు.

వీధిలో స్కూటర్ ఆగింది. అక్క నా చేతిలోని మౌస్ తీసి పక్కన పెట్టి, తెల్లకాగితం మీద పెళ్ళికూతురి పేరు పెన్నుతో రాయడం మొదలుపెట్టింది.