లోపలి ప్యాడ్

ప్రతి ఉదయం మమ్మల్ని లేపి నిలబెడుతున్న ప్రభువుకు స్తోత్రం. ఆయన న్యాయవంతుడు, దేన్నీ మరచిపోడు.

తెనాలిలో మా సంఘంవాళ్ల కార్లన్నీ చూసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయనా మా సంఘస్థుడే. ఒక్కో చక్రానికి బయటొకటి, లోపలొకటి బ్రేక్ ప్యాడ్‌లుంటాయి. ఆయన చక్రం విప్పేవాడు కాదు. వంగి, సందులోంచి సెల్‌ఫోన్ లైటు వేసి, బయటిది మాత్రం చూసి, టైరు మీద తట్టేవాడు.

"ప్యాడ్ ఇంకా బోలెడుంది బ్రదర్. దేవుడి మీద భారం వేసి వెళ్లండి."

నేనూ నా భార్యా రేపల్లెలో ప్రార్థన కూడికకు బయలుదేరిన రోజు కూడా అదే మాట అన్నాడు. ఊరు చేరకముందే బ్రేకు పట్టక కారు కల్వర్టును గుద్దింది. నా భార్య కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

తర్వాత బాపట్లలో మరో మెకానిక్ ఆ కారు చక్రం విప్పాడు. బయటి ప్యాడ్ మందంగానే ఉంది. తుప్పుకు బిగుసుకుపోయి, ఎప్పుడూ రాసుకుంటూ, లోపలిది ఒక్కటే ఇనుము తేలేదాకా అరిగింది.

"విప్పి చూసుంటే అప్పుడే తెలిసేదండి," అన్నాడతను.

మా సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు ముందు, ఎవరిమీదా పగ లేదని ఒకరితో ఒకరు చేతులు కలుపుకుంటాం. తర్వాత ఒక ఆదివారం ఆ తెనాలి మెకానిక్ నా దగ్గరికొచ్చి చేయి చాచాడు.

"క్షమించండి బ్రదర్. దేవుని చిత్తం."

ఆ అరచేతిలో, జేబులో తెచ్చుకున్న అరిగిన ప్యాడ్ పెట్టి వేళ్లు మూశాను.

"దేవుడి మీదకి నెట్టకండి. చక్రం విప్పనిది మీరు."

ఆయన ఆ చేత్తో రొట్టె అందుకోలేక బయటికి వెళ్లిపోయాడు. నాకు సంతోషమే కలిగింది. ఆ రోజు నుంచి నేనూ బల్లలో పాలుపొందలేదు.

చదివేవారు నాతో కలిసి ప్రార్థించండి. నేను క్షమించాలని కాదు, అది తర్వాత. ఆయన ఏ చక్రం ముందు వంగినా ఆ ఇనుము అరచేతికి తగలాలని. ఆమేన్.