నిక్కచ్చిగారి అరవై ఒకటి

పసిపిల్లల పాలపొడి ఫ్యాక్టరీలో ల్యాబుకు పెద్ద ఆయన. అందరూ నిక్కచ్చిగారు అంటారు. పెట్టినవాళ్లు ఆ పేరు వెటకారానికే పెట్టారు గానీ, ఆయన మాత్రం బిరుదులాగే పుచ్చుకున్నారు. ఇంట్లో మనవరాలి డబ్బాపాలు కలిపేటప్పుడు కూడా, చెంచాలో పొడిని కత్తి వెనకవైపుతో చదును చేస్తేనే సీసాలో వెయ్యనిస్తారు. "గుట్టగా పోస్తే అది కొలత కాదమ్మా, దానం" అని కోడలికి పూటపూటా క్లాసు పీకుతారు.

ఇంతటి మనిషికి ఒక్క సంగతి మాత్రం గిట్టదు. రీడింగు పక్కన "ఆరు అటూ ఇటూ" అని రాయడం. ఎవరు కొలిచినా, ఏ యంత్రంతో కొలిచినా ఫలితం కొంత ఊగుతుందనీ, ఎంత ఊగుతుందో చెప్పడమే నిజాయితీ అనీ కొత్తగా చేరిన కెమిస్టు అమ్మాయి నమ్మకం. నిక్కచ్చిగారి దృష్టిలో అది చేతకానితనాన్ని సంతకం పెట్టి మరీ ఒప్పుకోవడం.

ఆ వారం ఒక బ్యాచ్‌లో విటమిన్ ఎ కనీసం అరవై ఉండాల్సింది, యాభై ఏడు వచ్చింది.

"శాంపిల్ సరిగ్గా కలిపినట్టు లేవు. మళ్లీ చెయ్యి" అన్నారు.

యాభై ఎనిమిది వచ్చింది. ఈసారి తప్పు గాజు సామానుది. మూడోసారి అరవై ఒకటి వచ్చింది. శాంపిలూ, గాజు సామానూ, ఆ అమ్మాయీ అందరూ ఒక్క దెబ్బతో బాగుపడిపోయారు.

"చూశావా? ఓపికుంటే నిజం దానంతటదే బయటికొస్తుంది."

"ఇంకోసారి కూడా చేద్దామా సార్?"

"దొరికిన నిజాన్ని కెలక్కూడదు."

"పోనీ, ఆరు అటూ ఇటూ అని రాసిందైనా ఉంచనివ్వండి. యాభై అయిదు కూడా అయ్యుండొచ్చు కదండీ."

"అరవై ఏడు కూడా అయ్యుండొచ్చు! నీ నోట మంచి మాటే రాదేం?" అంటూ ఆ ముక్క కొట్టేసి సంతకం గీకేశారు. తన ఓపిక కథను భోజనాల దగ్గర పూసగుచ్చినట్టు చెప్పుకున్నారు కూడా. కోడలు పాపను భుజాన వేసుకుని అంతా వింది.

సరుకు లారీలెక్కకముందే ఉద్యోగుల వాటా కింద రెండు డబ్బాలు ఇంటికొచ్చాయి. కోడలు నీళ్లు కాచి, సీసా కడిగి, డబ్బా కోసం చెయ్యి చాచింది. నిక్కచ్చిగారు అలవాటుగా డబ్బా అడుగున చూశారు. అదే బ్యాచ్. మూత తియ్యబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. పాప ఆకలికి ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది.

"ఇది వద్దులేమ్మా. బజార్లో వేరేది తెస్తాను."

"ఏం మామయ్యగారూ, పాడైందా?"

"పాడవడమేంటి? నా సంతకం ఉన్న సరుకు!"

"మరి?"

ఆయనకు నిజంగా భయమేసింది. ఒక్క సీసాతో ఏమీ కాదని తెలుసు. కానీ ఇంకా కొన్ని నెలలపాటు ఈ పిల్లకు ఇదొక్కటే తిండి. ఇందులో లోటుంటే, దాన్ని పూడ్చడానికి ఆ బోసినోట్లోకి ఇంకేదీ పోదు. ఇలాంటి నోళ్లు ఊళ్లో ఇంకెన్నున్నాయో!

"రేపు ల్యాబులో మళ్లీ కొలుస్తాం" అన్నారు చివరికి.

కోడలి గొంతులో వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

"ఎంత వచ్చేదాకా మామయ్యగారూ?"

నిక్కచ్చిగారు కోడలి ముఖం చూడలేకపోయారు. ఫోను తీసి, లారీలు ఆపమని గోదాముకు చెప్పారు. కారణమేం రాసుకోమంటారని అటువైపు గుమాస్తా అడిగాడు.

"అందులో ఎంతుందో నాకు తెలీదయ్యా. అదే రాసుకో."