నూట నలభై రెండు మంది మార్కులు

భీమవరంలోని ఆ జూనియర్ కాలేజీ బోర్డు మీద పేరు ప్రిన్సిపాల్ పల్లంరాజు గారిది. కాలేజీ నడిచేది మాత్రం గుమాస్తా వీరబ్రహ్మం టైపు మిషన్ మీద. టీసీ కావాలన్నా, బస్ పాస్ కావాలన్నా ఆయన దగ్గరికే వెళ్లాలి. ‘రేపు రండి’ అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. గుమాస్తాల్లో అలాంటివాళ్లు చాలా అరుదు.

2003 అక్టోబరులో సెకండియర్ వర్షిణి ఒక ఫారం పట్టుకొచ్చింది. అమెరికాలో పెద్ద యూనివర్సిటీ. వందమంది అడిగితే పదిమందికి కూడా సీటు రాదు. వస్తే ఖర్చంతా వాళ్లదే. అందరికీ జవాబు ఏప్రిల్లో వస్తుంది. ‘సీటిస్తే మీ దగ్గరే చేరతాను’ అని నవంబరులోపు రాసిచ్చినవాళ్లకు డిసెంబరులోనే చెప్పేస్తారు.

“అంటే ముందే మాటిచ్చెయ్యాలి. వాళ్లు ఇవ్వకపోతే?” అన్నాడు బ్రహ్మం.

“కాదంటారండి. లేదంటే పక్కనపెట్టి, ఏప్రిల్లో అందరితో కలిపి మళ్లీ చూస్తారు.”

డిసెంబరులో ఆ పక్కనపెట్టడమే జరిగింది. హాఫియర్లీ మార్కులు పంపితే మళ్లీ చూస్తామన్నారు. మన దగ్గర పబ్లిక్ పరీక్ష తప్ప మిగతావి ఎవరు పట్టించుకుంటారు? బ్రహ్మం రిజిస్టరు తీశాడు. వర్షిణికి మిగతావన్నీ బాగానే ఉన్నాయి, ఫిజిక్సులో మాత్రం అరవైకి ముప్పైనాలుగు.

“యాభై ఏడు కొట్టవయ్యా బ్రహ్మం,” అన్నారు పల్లంరాజు గారు. “రిజిస్టరు చూడ్డానికి అమెరికావోడు భీమవరం వస్తాడేంటి?”

“రాడండి. కానీ వాళ్లు పిల్లని కాదనలేదండి, ఇంకాస్త చూస్తామన్నారు. చూసేది మనం అల్లిందైతే ఎలాగండి?”

“ముప్పైనాలుగు చూపించి దాని నోట్లో మన్ను కొడతావా?”

బ్రహ్మం రిజిస్టరు మూసి బయటికొచ్చాడు. ఆయన భయమూ అదే. వరండాలో వర్షిణి నిలబడి ఉంది.

“ఉన్న మార్కే పంపుదామనుకుంటున్నానమ్మా. భయమేస్తోందా?”

“వేస్తోందండి.”

“నాకూ వేస్తోంది.”

“అయినా పంపండి. రేపు వాళ్లు మళ్లీ అడిగితే అబద్ధం చెప్పలేను.”

ఆ ఫిజిక్సు పరీక్షకి ఇన్విజిలేటర్ బ్రహ్మమే. చాలామంది సగం పేపరు కూడా రాయకుండానే బయటకి నడిచారు. అది గుర్తొచ్చి, నూట నలభై రెండు మంది మార్కులూ చేత్తో కూడాడు. నమ్మకం కుదరక ఇంకోసారి కూడాడు. సగటు పదిహేడు. వర్షిణిది క్లాసులో రెండో మార్కు. ముప్పైఆరుతో ఫస్టొచ్చినవాడు పేపరు సెట్ చేసిన లెక్చరర్ గారబ్బాయి. ఆ ఒక్క సంగతీ వదిలేసి మిగతాదంతా ఇంగ్లీషులో టైపు చేశాడు. ప్రశ్నపత్రం కూడా జతచేశాడు.

పల్లంరాజు గారు కాగితం చూసి కళ్లజోడు తీశారు.

“సగటు పదిహేడంటే కాలేజీ పరువేం కాను?”

“అమెరికావోడు భీమవరం రాడని తమరే అన్నారు కదండీ.”

ఆయన గొణుక్కుంటూ సంతకం పెట్టారు.

ఏప్రిల్ మొదటివారంలో వర్షిణి నెట్ సెంటర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ సరాసరి ఆఫీసుకొచ్చింది. “ఇచ్చారండి, సీటిచ్చారు,” అంది. పల్లంరాజు గారు ఫ్లెక్సీకి ఫొటో కావాలని కేకేశారు. బ్రహ్మం కాసేపు కళ్లు తుడుచుకుని, ఫారంలో చివరి పేజీ తిప్పాడు.

“పబ్లిక్ మార్కులు కూడా పంపాలని రాశారమ్మా. మెమో రాగానే పట్రా. ఎంతొస్తే అంత కొడతాను.”