గురునాథరావు సోర్సును చంపిన విధం

బావమరిదిని ‘సార్’ అని పిలవాల్సి వస్తుందని ముందే తెలిసుంటే గురునాథరావు అసలు పెళ్లిచూపులకే వెళ్లేవాడు కాదు. ఈ మాట అతను భార్య వనజాక్షి చెవిన పడేటట్టే అనేవాడు. "ఇందల ఎవుల తప్పేటి? మా గోపాలం సార్ అవ్వడమా, మీరు అవ్వకపోవడమా?" అని ఆవిడ వంటింట్లోంచే అడిగేది.

డెబ్భై రెండులో చీపురుపల్లి వైపు నుంచి భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారంలో మోటార్లు బాగుచేసే షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. పెళ్లయ్యాక గోపాలాన్ని తనే ఊరి నుంచి రప్పించి, దరఖాస్తు తనే రాసిపెట్టి, అదే షాపులో చేర్పించి, మీటరు ఎలా పట్టుకోవాలో కూడా నేర్పాడు. అంత చక్కగా నేర్పాడు కాబట్టే తొంభై రెండులో గోపాలం ప్రమోషన్ ఇంటర్వ్యూ పాసై, అదే షాపుకి చార్జ్‌మేన్, అంటే అందరికీ పైవాడు, అయ్యాడు. అదే ఇంటర్వ్యూలో గురునాథరావు తప్పాడు. మరుసటి ఏడు కూడా తప్పాడు. మూడుసార్లకు మించి ఎవరినీ పిలవరు. ఇంకొక్కసారి తప్పితే, రిటైరయ్యేదాకా గోపాలం కిందే.

ఈ రెండేళ్లూ షాపులో బావమరిదిని ‘నువ్వు’ అనలేక, ‘మీరు’ అనడానికి మనసొప్పక, గురునాథరావు ఒక కొత్త తెలుగు కనిపెట్టాడు. అందులో ఎదుటిమనిషి ఉండడు. "ఈ మోటారు విప్పాలా?" "రిపోర్టు ఎక్కడ పెట్టడమో?" అని గోడకేసి చూస్తూ అడిగేవాడు. గోపాలం కూడా తక్కువ తినలేదు. షాపులో ఒక్కసారైనా ‘బావా’ అనకుండా, "అది విప్పితే బాగుంటాది" అని ఆ గోడకే జవాబు చెప్పేవాడు. సాయంత్రం రిసాలి కాలనీలోని క్వార్టర్లో కలిస్తే మాత్రం ఒకరు ‘ఒరేయ్’, ఇంకొకరు ‘బావా’.

రెండుసార్లూ అతన్ని ముంచింది ఒకటే ప్రశ్న. మొదటిసారి, "థెవెనిన్ గురించి ఏం తెలుసు?" అని అడిగితే, "ఆ కంపెనీ మోటారు మా షాపుకి ఎప్పుడూ రాలేదు సార్" అన్నాడు. రెండోసారికి అది మోటారు కాదు, సిద్ధాంతమని కనుక్కున్నాడు గాని, ఏం సిద్ధాంతమో కనుక్కోలేదు. మూడోసారికి సిగ్గు విడిచి, దుర్గ్‌లో డిప్లొమా చదువుతున్న కూతురు సత్యశ్రీ ముందు పలకా బలపం పట్టుకున్నంత పని చేశాడు.

"నాన్నా, డబ్బాలో ఎన్ని బ్యాటరీలున్నా, ఎన్ని రెసిస్టెన్సులున్నా, బయటికి రెండే తీగలు కదా" అంది సత్యశ్రీ. "బయటున్న బల్బుకి లోపలి గడబడతో పని లేదు. దానికి తెలిసేది ఒక బ్యాటరీ, దాని వెనక ఒక రెసిస్టెన్స్. బస్, ఇతనా హీ. అంతే."

"మీ నాన్నా అంతేనే" అంది వనజాక్షి బియ్యం ఏరుతూ. "లోపల ఎంతుందో ఎవులు చూడొచ్చేరు? బయటికొచ్చేది ఒక్క మాట, దానికి అడ్డం ఒక్క పొగరు."

కూతురు మంత్రం మూడు ముక్కల్లో చెప్పింది. "లోడ్ హటాదో, సోర్స్ కో మార్ దో, పీఛే దేఖో." లోడు, అంటే బల్బు, తీసెయ్యి; సోర్సును, అంటే బ్యాటరీని, చంపెయ్యి; తీగల వెనక్కి చూడు. గురునాథరావు దాన్ని స్నానం చేస్తూ, సైకిలు తొక్కుతూ, విష్ణుసహస్రనామం మధ్యలోనూ చదివాడు. లెక్క వేసేటప్పుడు కూతురు బ్యాటరీ ఉండాల్సిన చోట ఆగకుండా తిన్నగా గీత లాగేసేది. ఈ కాలం పిల్లలకి బొమ్మ గీసే ఓపిక కూడా లేదని విసుక్కున్నాడే తప్ప, ఆ గీత ఏమిటని అడగలేదు. అడిగితే తండ్రి పెద్దరికం ఏం గాను?

ఇంటర్వ్యూలో ముగ్గురు ఆఫీసర్లున్నారు. మధ్యలో కూర్చున్న యజ్ఞనారాయణగారు తెలుగువారే. బల్ల మీద ఒక చెక్క, దాని మీద పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఫ్యూజు, ఆ వరుసలోనే ఆరు ఓముల రెసిస్టెన్స్, అడ్డంగా మూడు ఓములది ఇంకొకటి, చివర రెండు తీగలకి ఒక బల్బు.

"థెవెనిన్ ప్రకారం ఈ రెండు తీగల వెనక రెసిస్టెన్స్ ఎంతో కొలిచి చెప్పండి. తొందరేం లేదు" అన్నారాయన.

గురునాథరావు గుండె ఉప్పొంగింది. బల్బు తీసేశాడు. లోడు పోయింది. ఇక సోర్సును చంపాలి. ప్లాంటులో కరెంటును చంపడమంటే ఫ్యూజు పీకి, జేబులో వేసుకుని, అక్కడ ఎర్రబోర్డు తగిలించి, పని మొదలెట్టడానికి పర్మిట్ కాగితం మీద సంతకం తీసుకోవడం. ఫ్యూజు తన జేబులో ఉన్నంతసేపే ఎలక్ట్రీషియన్ బతికున్నట్టు లెక్క. ఇరవై రెండేళ్లుగా చేసిన పనే చేశాడు. ఎర్రబోర్డు లేదు కాబట్టి ఒక కాగితం మీద పని జరుగుతోందని, ‘కామ్ చాలూ హై’ అని రాసి ఆ చెక్కకి గుచ్చాడు.

"పర్మిట్ మీద సంతకం ఎవరు పెడతారు సార్?" అని అడిగాడు.

పక్కనున్న ఆఫీసరుకి టీ పొలమారింది.

మీటరు పెట్టాడు. మూడు ఓములు. సరిగ్గా ఇలాంటి లెక్కకే కూతురు కాగితం మీద రెండు తెప్పించింది. నోటికి రెండు వస్తోంది, మీటరేమో మూడంటోంది.

"మూడు సార్."

"కచ్చితంగా మూడేనా?"

"లెక్క రెండని చెప్తాది సార్. మీటరు మూడంటంది. నాను మీటరు మాటే ఇంటాను."

"సోర్సును చంపారా?"

"చంపీసేను సార్. ఫ్యూజు నా జేబులో ఉంది."

"ఫ్యూజు పీకితే దారే తెగిపోయింది గురునాథరావుగారూ. ఆ ఆరు ఓములూ లెక్కలోకే రాలేదు. సోర్సు పోవాలి గాని, దాని దారి మిగలాలి. షార్ట్ చెయ్యాలి."

షార్ట్ అనగానే గురునాథరావు రెండు చేతులూ వాటంతట అవే వీపు వెనక్కి పోయాయి. "షార్ట్ అవకుండా చూస్తాననే నాకు జీతమిస్తన్నారు సార్. ఇప్పుడు మీరే షార్ట్ చెయ్యమంటే ఎలగ?"

యజ్ఞనారాయణగారు లేచి, బ్యాటరీని ఊడదీసి పక్కన పెట్టారు. అదున్న చోట చిన్న తీగముక్క తగిలించారు. ఫ్యూజు ఇమ్మని చెయ్యి చాపితే గురునాథరావు మనసు చంపుకుని ఇచ్చాడు. "ఇదీ షార్ట్ చెయ్యడం. సోర్సు బల్ల మీద ఉంది. ఇంక కాలడానికి ఇక్కడేముంది?"

మీటరు రెండు చూపించింది. గురునాథరావు ఎందుకైనా మంచిదని తీగను వేలితో ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. కూతురు తిన్నగా లాగేసిన గీత అప్పుడు అర్థమైంది. అర్థమయ్యేసరికి, వెళ్లమన్నారు.

రెండు వారాలకి లిస్టు వచ్చింది. అందులో అతని పేరు లేదు. నోటీసుబోర్డు ముందు నిలబడి పైనుంచి కిందికోసారి, కిందినుంచి పైకోసారి చదివాడు. ఏడుపొచ్చింది. నలభై అయిదేళ్లవాడు ఎర్రబోర్డు బదులు తెల్లకాగితం గుచ్చి పరువు తీసుకున్నాడన్న సంగతి గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

సాయంత్రం గోపాలం వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"బావా, ఆ యేడు నన్నూ అదే చెక్క ముందు నిలబెట్టేరు. నాను రెండని చెప్పీసేను. పుస్తకంలది. మీటరు ముట్టుకోలేదు."

"ఎందుకు ముట్టుకోలేదురా?"

"ముట్టుకుంటే మూడొస్తాదని భయమేసింది. నువ్వు నేర్పినోణ్ణి కదా, నానూ ఫ్యూజే పీకుతాను."

గురునాథరావుకి ముందు ఒళ్లు మండింది. రెండేళ్లు గోడతో మాట్లాడించినవాడు చివరికి మీటరంటే జడిసినవాడు! ఆ తరవాత, జడిసేటట్టు నేర్పింది ఎవరో గుర్తొచ్చింది. వనజాక్షి ఇద్దరికీ టీ తెచ్చి పెట్టింది.

మర్నాడు ఉదయం షిఫ్టులో టెస్టింగ్ బల్ల మీదికి రోలింగ్ మిల్లు నుంచి ఒక మోటారు వచ్చింది. షాపంతా చుట్టూ ఉంది. గోపాలం అలవాటుగా గోడకేసి తిరిగాడు.

"ఈ మోటారు నన్ను చూడమంటారా, సార్?" అన్నాడు గురునాథరావు.

నాలుక కాలుతుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాడు. ఏమీ కాలలేదు. గోపాలం ముఖం మాత్రం ఎర్రబడింది. గోడ మీద నుంచి చూపు తిప్పి, అందరి ముందూ, "చూడు బావా" అన్నాడు. "ముందు ఫ్యూజు తీసి జేబులో ఏసుకో."

అప్పటికే అది అతని జేబులో ఉంది.